వేరుశనగ చేలో మామిడి పెట్టొచ్చా? క్యూజీఐఎస్‌తో నేల యోగ్యత తేల్చుకునే పద్ధతి

మామిడి మొక్కకు తొలి రెండు మూడేళ్లు ఏ నేలైనా ఒకటే. తవ్వి నింపిన గుంతలో పశువుల ఎరువు ఉంటుంది, బిందెతోనో డ్రిప్పుతోనో నీళ్లు అందుతుంటాయి, చిగుళ్లు బాగానే వేస్తుంది. వేరు ఆ గుంత దాటి బయటి నేలను తాకినప్పుడే అసలు సంగతి బయటపడుతుంది. రెండడుగుల కింద రాతి పొర ఉంటే చెట్టు అక్కడితో గిడసబారిపోతుంది. 10 మీటర్ల ఎడంతో నాటితే ఎకరాకు 40 మొక్కలు. వాటి ఖర్చుతో పాటు, వేరుశనగ వేసుకోకుండా వదులుకున్న సంవత్సరాలు కూడా పోయినట్టే.

కంప్యూటర్ మ్యాపులతో ఈ నష్టాన్ని చాలావరకు ముందే తప్పించుకోవచ్చు. కానీ ఒక్క మాట మొదటే చెప్పాలి. మ్యాపు మంచి నేలను వెతికి చేతిలో పెట్టదు. పనికిరాని నేలను చకచకా తీసేసి, గడ్డపార పట్టుకొని ఎక్కడికి వెళ్లాలో చెబుతుంది. ఈ తేడా తెలియకుండా రంగురంగుల మ్యాపు చేసి, ఆకుపచ్చగా ఉన్నచోటల్లా తోట పెట్టమని చెప్పేవాళ్లను చూశాను. మొదట్లో నేనూ ఆ పనే చేశాను.

ఉదాహరణకు శ్రీ సత్యసాయి జిల్లా నంబులపూలకుంట మండలాన్ని తీసుకుందాం. కదిరికి తూర్పున ఉంటుంది. గ్రానైట్, నైస్ రాళ్లు శిథిలమై ఏర్పడిన ఎర్రనేలలు, మధ్యమధ్య గుట్టలు, వర్షాధార వేరుశనగ. ఆ ప్రాంతంలో వేరుశనగ ఎంతగా పాతుకుపోయిందంటే కదిరి పరిశోధన కేంద్రం ఇచ్చిన రకాలకు కదిరి-6, కదిరి లేపాక్షి అని ఊరి పేరే పెట్టారు. ఇదే మండలంలో పెద్ద సోలార్ పార్కు ఉంది, తిమ్మమ్మ మర్రిమానూ ఉంది. ఈ రెండూ మన మ్యాపును ఎలా తికమక పెడతాయో తర్వాత చూద్దాం.

కావలసిన సరంజామా పెద్దదేం కాదు. మ్యాపులు తయారుచేసే ఉచిత సాఫ్ట్‌వేర్ క్యూజీఐఎస్, 8 జీబీ ర్యామ్ ఉన్న మామూలు ల్యాప్‌టాప్, ఓ ఆదివారం. పొలాల్లో తిరగడానికి మాత్రం ఇంకో నాలుగు రోజులు పెట్టుకోండి.

మొదటి అడుగు: ప్రశ్నను సరిగ్గా అడగండి

"ఈ నేల మంచిదా?" అనే ప్రశ్నకు జవాబు లేదు. దేనికి మంచిది? వరికి బంగారంలాంటి బంకనేల మామిడికి చేటు. ఐక్యరాజ్య సమితి ఆహార వ్యవసాయ సంస్థ 1976లో తెచ్చిన నేల మదింపు విధానం ఈ పాయింటు మీదే నడుస్తుంది. ఫలానా వాడకానికి, ఫలానా యాజమాన్యంలో ఈ నేల ఎంత తగును అని అది అడుగుతుంది. జవాబును ఎస్1 (బాగా తగును), ఎస్2 (ఓ మోస్తరుగా తగును), ఎస్3 (అంతంత మాత్రం), ఎన్ (తగదు) అనే తరగతుల్లో చెబుతుంది.

కాబట్టి కంప్యూటర్ తెరవకముందే కాగితం మీద ఒక వాక్యం రాసుకోండి. మనది ఇది: "తొలి మూడేళ్లు మాత్రమే నీళ్లు పోసి, తర్వాత వానమీద వదిలేసే మామిడి తోటకు, కనీసం 5 ఎకరాలు ఒకే చెక్కగా, ఈ మండలంలో ఎక్కడ తగును?" బోరు, డ్రిప్పు ఉన్న తోటైతే వాక్యం మారుతుంది, దాంతో పాటు మ్యాపంతా మారుతుంది. "కనీసం 5 ఎకరాలు" అన్న షరతు ఎందుకో ఆరో అడుగు చివర్లో, చిన్న తునకలను ఏరేసే సీవ్ పనిముట్టు దగ్గర తెలుస్తుంది.

రెండో అడుగు: ప్రమాణాలు తక్కువ, హద్దులు స్పష్టం

మామిడికి నేను వాడుకునే హద్దులు ఇవి. నేల లోతు 2 మీటర్లు దాటితే ఎస్1, 125 నుంచి 200 సెంటీమీటర్లు ఎస్2, 75 నుంచి 125 ఎస్3, అంతకంటే తక్కువైతే ఎన్. వాలు 3 శాతం లోపు ఎస్1, 5 శాతం దాకా ఎస్2, 10 శాతం దాకా ఎస్3, ఆపైన ఎన్. పీహెచ్ (నేల పులుపు, క్షారం చెప్పే అంకె) 5.5 నుంచి 7.5 దాకా ఎస్1, 8.5 దాకా ఎస్2, 9 దాకా ఎస్3, 9 దాటితే ఎన్. 5.5 కంటే తగ్గే పుల్లనేలల బెడద ఈ సీమలో తక్కువే కాబట్టి ఆ వైపు హద్దులు వదిలేశాను. వీటికి తోడు లారీ వచ్చే రోడ్డు ఎంత దూరం అన్నది ఒకటి.

వాన ఏమైందంటారా? కావాలనే తీసేశాను. ఉచితంగా దొరికే చిర్ప్స్ వర్షపాతం డేటాలో ఒక్కో గడి సుమారు ఐదున్నర కిలోమీటర్ల చదరం. భారత వాతావరణ శాఖ గ్రిడ్ డేటాలో గడి పావు డిగ్రీ, అంటే ఇంచుమించు 27 కిలోమీటర్లు. ఒక మండలం మీద అలాంటి గడులు వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్నే పడతాయి, వాటి మధ్య తేడా కూడా స్వల్పమే. మండలమంతా ఒకేలా ఉన్న ప్రమాణం ఈ పొలానికీ ఆ పొలానికీ మధ్య తీర్పు చెప్పలేదు, మార్కులను మాత్రం పలుచన చేస్తుంది. రాష్ట్రమంతటికీ చేస్తున్నప్పుడు వాన కావాలి, మండలానికి అక్కర్లేదు. ఈ వడపోత చేయనివాళ్లు 14 పొరలు (ఒక్కో ప్రమాణానికి ఒక్కో మ్యాపు) పేర్చి అదే శాస్త్రీయం అనుకుంటారు.

మూడో అడుగు: డేటా తెచ్చుకోవడం, దాన్ని అనుమానించడం

ఎత్తుల కోసం కోపర్నికస్ 30 మీటర్ల డెమ్ (ప్రతి గడికీ నేల ఎత్తు చెప్పే పటం) తీసుకోండి. ఓపెన్‌టొపోగ్రఫీ సైట్‌లో మండలం చుట్టూ చతురస్రం గీస్తే దిగుతుంది. మనవాళ్ల భువన్ సైట్‌లో కార్టోడెమ్ కూడా ఉంది. 2000 ఫిబ్రవరిలో అంతరిక్ష నౌక కొలిచిన ఎస్ఆర్‌టీఎం అందరికీ తెలిసిన పేరే గానీ దానితో ఒక చిక్కుంది. ఎత్తులు పూర్ణ సంఖ్యల మీటర్లలో ఉంటాయి. పక్కపక్క గడుల మధ్య ఒక్క మీటరు తేడా వచ్చినా 30 మీటర్లకు 3.3 శాతం వాలు. మన ఎస్1 హద్దేమో 3 శాతం! వాలు లెక్కలో చుట్టుపక్కల గడులన్నీ కలుస్తాయి కాబట్టి కొంత సర్దుకుంటుంది, అయినా చదును పొలాలు మెట్లు మెట్లుగా కనిపిస్తాయి. కోపర్నికస్‌లో దశాంశాలు ఉంటాయి, ఈ బాధ తక్కువ. డౌన్‌లోడ్ చేసేటప్పుడు మరొకటి గుర్తుంచుకోండి: నంబులపూలకుంట 14వ అక్షాంశ రేఖకు కాస్త పైన ఉంది. డెమ్‌ను పలకల లెక్కన దించుకుంటే ఎన్14ఈ078 ఒక్కటే సరిపోతుందనుకోకుండా కింది ఎన్13ఈ078 కూడా తెచ్చి, మెర్జ్‌తో రెంటినీ ఒకటిగా కలపండి.

భూమి వాడకం కోసం యూరప్ అంతరిక్ష సంస్థ ఇచ్చిన వరల్డ్‌కవర్ 2021 బాగుంటుంది. గడి 10 మీటర్లు. సంకేతాలు సులువు: 10 చెట్లు, 20 పొదలు, 30 గడ్డి, 40 సాగు, 50 కట్టడాలు, 60 బోడి నేల, 80 నీళ్లు. ఇక్కడే మర్రిమాను సంగతి. తిమ్మమ్మ మర్రిమాను 1989లో గిన్నిస్ బుక్‌కు ఎక్కింది. దాని నీడ 5 ఎకరాల దాకా పరుచుకుంది. 10 మీటర్ల గడుల్లో చూస్తే అది సుమారు రెండు వందల గడుల చెట్ల తోపు. ఒకే చెట్టని ఉపగ్రహానికి తెలియదు. సోలార్ పలకలు కూడా అంతే. గాజు, ఇనుము, మధ్యలో గడ్డి కలిసి ఎక్కడ ఏ రంగులో పడ్డాయో మీరే కళ్లతో చూసి, వాటి చుట్టూ చేత్తో హద్దు గీసుకోండి. రెడీమేడ్ పొరను పూర్తిగా నమ్మకూడదనడానికి ఒకే మండలంలో రెండు సాక్ష్యాలు.

చెరువుల దగ్గర ఇంకా జాగ్రత్త. సీమలో చాలా చెరువులు ఏళ్ల తరబడి నిండవు. వేసవి చిత్రంలో చెరువు శిఖం చక్కని చదును నేలలా, లోతైన ఒండ్రు మట్టితో, అన్ని మార్కులూ కొట్టేసి మ్యాపులో నంబర్ వన్‌గా నిలబడుతుంది. దీనికి విరుగుడు యూరప్ పరిశోధన కేంద్రం జేఆర్‌సీ వాళ్ల ఉపరితల జలాల డేటా. 1984 నుంచి ల్యాండ్‌శాట్ చిత్రాలన్నీ కలిపి ఎక్కడెక్కడ ఒక్కసారైనా నీళ్లు నిలిచాయో చూపించే "గరిష్ఠ విస్తీర్ణం" పొర అందులో ఉంది. మన చెరువులకు అది కావాలి. ఎన్ని రోజులు నీళ్లున్నాయనే శాతాల పొర వాడితే కరువు చెరువులు జారిపోతాయి.

ఇక నేల. అన్నిటికంటే ముఖ్యమైనదీ, అన్నిటికంటే బలహీనమైనదీ ఈ డేటానే.

సాయిల్‌గ్రిడ్స్ అని ప్రపంచమంతటికీ ఉచిత నేల డేటా ఉంది. గడి 250 మీటర్లు, అంటే 62,500 చదరపు మీటర్లు, పదిహేనున్నర ఎకరాలు. ఆ ఒక్క గడిలో నలుగురైదుగురు రైతుల చేలు, ఓ వంక, ఓ బోడిగుండు అన్నీ ఉండొచ్చు. పీహెచ్ విలువ పదింతలుగా ఉంటుంది: 72 అని కనిపిస్తే 7.2 అని చదవాలి. దీన్ని మర్చిపోతే మండలమంతా 9 దాటేసిందని మొత్తం ఎన్ తరగతిలోకి పోతుంది. అంతకంటే ప్రమాదకరమైనది మరొకటి ఉంది. ఆ డేటా 2 మీటర్ల లోతు దాకా ప్రతి పొరకూ విలువ ఇస్తుంది, కింద రాయి ఉన్నా సరే. 60 నుంచి 100 సెంటీమీటర్ల పొరలో బంకమన్ను ఇంత అని చూపించినంత మాత్రాన అక్కడ మన్ను ఉన్నట్టు కాదు.

భూసార పరీక్ష కార్డులు పీహెచ్, లవణాలు, పోషకాలు చెబుతాయి. అవి 2015లో మొదలైన పథకం కింద, మెట్టలో 10 హెక్టార్లకు ఒకటి, నీటి వసతి ఉన్నచోట రెండున్నర హెక్టార్లకు ఒకటి చొప్పున తీసిన నమూనాలు. పైపై మట్టి గురించి పనికొస్తాయి, లోతు గురించి వాటిలో ఒక్క ముక్క ఉండదు. నాగ్‌పూర్‌లోని జాతీయ నేలల సర్వే సంస్థ రాష్ట్ర పటాల్లో లోతు ఉంటుంది, కానీ స్కేలు 1:2,50,000. కాగితం మీద ఒక మిల్లీమీటరు నేల మీద పావు కిలోమీటరు.

మరి లోతు ఎలా? నేను చేసేది చెబుతాను. ఊళ్లలో ఇప్పటికే తవ్వి ఉన్న గుంతలను వెతుకుతాను. ఎండిపోయిన పాత బావుల గోడలు, ఫారం పాండ్‌ల పక్కలు, రోడ్డు కోసిన గట్లు, ఉపాధి హామీ కందకాలు. వీటిలో ఎర్రమన్ను ఎంత, గరుసు ఎంత, రాయి ఎక్కడ మొదలైంది అనేది పైసా ఖర్చు లేకుండా కనిపిస్తుంది. ఫోన్‌లో క్యూఫీల్డ్ యాప్ (పొలంలో చోట్లు నమోదు చేసుకునేది) పెట్టుకొని, టేపుతో కొలిచి, ఫొటోతో సహా నమోదు చేసుకుంటే రెండు రోజుల్లో 60, 70 చోట్ల లోతు తెలిసిపోతుంది. తర్వాత వాటిని పటం మీద గుట్ట మొదలు, నడుమ వాలు, వంక పక్క చదును అని భూస్వరూపం వారీగా విడగొట్టి, ఒక్కో స్వరూపానికి మధ్యస్థ విలువ ఇస్తాను. సాఫ్ట్‌వేర్‌లో బిందువుల మధ్య విలువలు తనంతట తానే నింపే ఇంటర్‌పొలేషన్ పనిముట్టు ఉంటుంది గానీ, ఇక్కడ వాడను. రాయి నేల కింద నున్నగా వాలుతూ ఉండదు. పదడుగుల్లో పైకి తన్నుకొస్తుంది.

ఒకసారి ఇలాగే తిరుగుతుంటే మేకలు కాస్తున్న ఓ పెద్దాయన నా ఫోన్‌లోని మ్యాపు చూసి, ఆకుపచ్చగా ఉన్న చెక్క ఎక్కడిదని అడిగి, "ఆడ గడ్డపార దిగదు నాయనా" అన్నాడు. దిగలేదు.

నాలుగో అడుగు: అన్నిటినీ ఒకే కొలతలోకి తేవడం

దిగిన డేటా చాలావరకు అక్షాంశ రేఖాంశాల డిగ్రీల్లో ఉంటుంది. డిగ్రీల్లో ఉన్న డెమ్‌కు అలాగే వాలు లెక్క కడితే మండలమంతా 90 డిగ్రీల కొండకొమ్ముగా వస్తుంది, ఎందుకంటే ఎత్తు మీటర్లలో, దూరం డిగ్రీల్లో ఉంది. నా మొదటి వాలు మ్యాపు తెల్లగా మెరిసిపోయింది. సాఫ్ట్‌వేర్ పాడైందనుకొని తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేశాను కూడా.

అందుకని మొదట అన్నిటినీ యూటీఎంలోకి, అంటే దూరాలను మీటర్లలో కొలిచే పద్ధతిలోకి మార్చాలి. అందులో భూమిని నిలువు జోన్లుగా విడగొడతారు. ఇక్కడ అనంతపురం వైపు వాళ్లకు ఒక ప్రత్యేకమైన ఉచ్చు ఉంది. రెండు యూటీఎం జోన్ల హద్దు 78 డిగ్రీల రేఖాంశం. అనంతపురం పట్టణం 77.6 దగ్గర, అంటే 43వ జోన్ (క్యూజీఐఎస్‌లో దాని సంకేతం ఈపీఎస్‌జీ 32643). కదిరి 78.16 దగ్గర, అంటే 44వ జోన్ (ఈపీఎస్‌జీ 32644). నంబులపూలకుంట ఇంకా తూర్పున ఉంది కాబట్టి మనకు 32644. పాత ఉమ్మడి జిల్లా ఫైళ్లు ఎవరైనా ఇస్తే అవి ఏ జోన్‌లో ఉన్నాయో చూడకుండా కలపొద్దు. పాత సర్వే ఆఫ్ ఇండియా టోపోషీట్లు ఎవరెస్ట్ డేటమ్ అనే పాత కొలతల ఆధారం మీద ఉంటాయి. వాటిని ఇప్పటి డబ్ల్యూజీఎస్84 పొరల మీద నేరుగా వేస్తే వందల మీటర్లు పక్కకు జరుగుతాయి.

ఆపై వార్ప్ పనిముట్టుతో ప్రతి పొరనూ 30 మీటర్ల గడికి, ఒకే విస్తీర్ణానికి తెచ్చుకోండి. రీసాంప్లింగ్ (కొత్త గడికి విలువ ఎలా ఇవ్వాలనే) పద్ధతి దగ్గర ఆగండి. వరల్డ్‌కవర్ లాంటి సంకేతాల పొరకు "నియరెస్ట్ నెయిబర్" తప్ప ఇంకేదీ వాడకూడదు. బైలీనియర్ వాడితే 40 సాగుకూ 60 బోడినేలకూ మధ్య సగటు తీసి 50 అంటుంది, అంటే ఎక్కడా లేని ఇళ్లు పుట్టుకొస్తాయి. ఎత్తు, పీహెచ్ లాంటి వాటికి బైలీనియర్ సరిపోతుంది. 250 మీటర్ల డేటాను 30 మీటర్లకు కోసినంత మాత్రాన కొత్త సమాచారం రాదు, ఒక రొట్టెను ముక్కలు చేసినట్టే. చివర్లో మండలం సరిహద్దు మేరకు కత్తిరించి (క్లిప్), ఫైలు పేర్లలో ఖాళీలు లేకుండా ఒకే ఫోల్డర్‌లో పెట్టుకోండి.

30 మీటర్ల గడి అంటే 900 చదరపు మీటర్లు, మన లెక్కలో 22 సెంట్లు. ఈ అంకె గుర్తుంటే మ్యాపు మీద ఎంత నమ్మకం పెట్టాలో తెలుస్తుంది.

ఐదో అడుగు: ముందు తీసేయండి

వాలు లెక్క కట్టండి. రాస్టర్ (గడుల పటం) మెనూలో స్లోప్ తెరిచి, "శాతంలో చూపించు" గడికి టిక్ పెట్టండి. అది మర్చిపోతే డిగ్రీల్లో వస్తుంది, 10 శాతం అనుకున్నది 5.7 డిగ్రీలే కాబట్టి హద్దులన్నీ తప్పుతాయి.

తర్వాత అవునా కాదా అనే పొరలు. ఇళ్లు, రిజర్వు అడవి, ఎప్పుడైనా నీళ్లు నిలిచిన చోటు, సోలార్ పార్కు హద్దు, వంకలకు ఇరువైపులా 30 మీటర్లు, 10 శాతం దాటిన వాలు. ఒక్కోదాన్నీ రాస్టర్ క్యాలిక్యులేటర్‌లో పనికొస్తే 1, పనికిరాకపోతే 0గా మార్చి, అన్నిటినీ గుణించండి. ఎక్కడ ఒక్క సున్నా ఉన్నా ఫలితం సున్నా. ఈ ఒక్క పొరను ప్రింటు తీసి ఊళ్లో చూపించండి. మిగతా పని మొదలుపెట్టకముందే సగం తప్పులు ఇక్కడే దొరుకుతాయి.

ఆరో అడుగు: మార్కులు, తూకాలు, వాటిలోని మోసం

మిగిలిన నేలకు రీక్లాసిఫై బై టేబుల్‌తో మార్కులు వేయండి: ఎస్1కి 100, ఎస్2కి 70, ఎస్3కి 40, ఎన్‌కు 0. రోడ్డు దూరానికి ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ రోడ్లను రాస్టర్‌గా మార్చి, ప్రతి గడికీ దూరం లెక్కకట్టే ప్రాక్సిమిటీ పనిముట్టు నడపండి. కిలోమీటరు లోపైతే 100, మూడు దాకా 70, ఆపైన 40.

ఇప్పుడు ఏది ఎంత ముఖ్యం? 1970లలో థామస్ సాటీ రూపొందించిన ఏహెచ్‌పీ పద్ధతిని ఎక్కువమంది వాడతారు. రెండేసి ప్రమాణాలను పక్కపక్కన పెట్టి 1 నుంచి 9 దాకా అంకె ఇవ్వాలి. మన ఉదాహరణలో లోతు వాలుకంటే 3 రెట్లు, పీహెచ్‌కంటే 3 రెట్లు, రోడ్డుకంటే 7 రెట్లు ముఖ్యం అనుకుందాం. వాలు, పీహెచ్ సమానం. రెండూ రోడ్డుకంటే 3 రెట్లు.

లెక్కకు ఎక్సెల్ చాలు. లోతు వరుసలో 1, 3, 3, 7. గుణిస్తే 63, నాలుగో మూలం 2.817. వాలు వరుసలో 1/3, 1, 1, 3. గుణిస్తే 1, మూలం 1. పీహెచ్ కూడా అంతే. రోడ్డు వరుసలో 1/7, 1/3, 1/3, 1. గుణిస్తే 1/63, మూలం 0.355. అన్నీ కూడితే 5.172. ఒక్కోదాన్నీ దానితో భాగిస్తే తూకాలు: లోతు 0.545, వాలు 0.193, పీహెచ్ 0.193, రోడ్డు 0.069. మీ అంకెలు ఒకదానితో ఒకటి పొసగుతున్నాయో లేదో చూపే నిష్పత్తి 0.1 లోపు ఉండాలి. ఇక్కడ 0.003 వచ్చింది, కాబట్టి పర్వాలేదు. అయితే దీనర్థం మీ తీర్పు సరైనదని కాదు, మీ మాటను మీరే ఖండించుకోలేదని మాత్రమే.

మామూలుగా చెప్పే తర్వాతి పని మార్కులను తూకాలతో గుణించి కూడటం. చేసి చూడండి. అడుగు లోతు మన్ను, కింద బండ. లోతుకు 0. కానీ చదును నేల, పీహెచ్ 7, పక్కనే తారురోడ్డు. మొత్తం 0.193 × 100 + 0.193 × 100 + 0.069 × 100, అంటే 45.5. మన బడుల్లో 35 వస్తే పాసు! ఈ బండ పొలం ఎస్3 కంటే పైన, "ఫర్వాలేదు" రంగులో మెరుస్తుంది. రోడ్డు దగ్గరుంది కదా అని మామిడి వేరు రాతిలోకి దిగదు. కూడికలో ఒక లోటును మరో మెరుగు పూడ్చేస్తుంది, చెట్టు దగ్గర అది కుదరదు.

అందుకే నేను రెండు దశల్లో చేస్తాను. లోతు, వాలు, పీహెచ్ పొరలకు సెల్ స్టాటిస్టిక్స్ పనిముట్టులో "మినిమమ్" ఎంచుకుంటాను. ప్రతి గడికీ దాని అతి బలహీనమైన లక్షణమే తరగతి. బండ పొలం 0తో ఎన్‌లోకి పోతుంది. ఇలా ఎస్1, ఎస్2గా నిలిచిన గడులకు మాత్రమే తూకాల కూడిక వేసి, వాటిలో వాటికి వరుస పెడతాను. తూకాల పని ఎంపికైనవాళ్లకు ర్యాంకులు ఇవ్వడం వరకే. తప్పినవాళ్లను పాస్ చేయడానికి దాన్ని వాడకూడదు. రెండు పద్ధతుల మ్యాపులూ పక్కపక్కన పెట్టి చూస్తే తేడా మీకే తెలుస్తుంది. గుట్టల మొదళ్లలో ఉన్న ఆకుపచ్చ చాలావరకు మాయమవుతుంది.

చివరగా సీవ్. 5 ఎకరాల చెక్క అంటే సుమారు 23 గడులు. అంతకంటే చిన్న తునకలను సీవ్ తీసేస్తుంది. మీ ఊళ్లో కమతాలు రెండేసి ఎకరాలే అయితే 9 పెట్టుకోండి. అంతకంటే కిందికి వెళ్తే 22 సెంట్ల గడితో చెప్పగలిగిందేమీ ఉండదు.

ఏడో అడుగు: మీ మ్యాపును మీరే కదిపి చూడండి

లోతు తూకాన్ని కాస్త తగ్గించి, వాలు హద్దును 10 నుంచి 8 శాతానికి మార్చి, పీహెచ్ హద్దును కొంచెం జరిపి, ఇలా ఓ పదిసార్లు నడపండి. క్యూజీఐఎస్ మోడలర్‌లో మొత్తం పనిని గొలుసుగా కట్టుకుంటే ఒక్కోసారికి నిమిషం పట్టదు. పది మ్యాపులనూ కూడితే ప్రతి గడీ ఎన్నిసార్లు నిలిచిందో వస్తుంది. పదికి తొమ్మిది, పది వచ్చిన చెక్కలు గట్టివి. ఐదారు వచ్చినవి మీ అంకెల దయమీద బతుకుతున్నాయి.

ఇంకో పరీక్ష నాకు ఇంతకంటే ఇష్టం. ఉపగ్రహ చిత్రంలో పాత మామిడి తోటలు చుక్కల ముగ్గులా ఇట్టే కనిపిస్తాయి. పదిహేనేళ్లు దాటి గుబురుగా ఉన్న తోటలు ఇరవై, చెట్ల మధ్య బోసిగా ఖాళీలు పడ్డ తోటలు ఇరవై గుర్తించి మీ మ్యాపు మీద వేయండి. రెండు రకాల తోటలకూ ఒకే మార్కులు వస్తుంటే ఎక్కడో ఒక ప్రమాణం తప్పింది. బోసి తోటలన్నిటికీ బోరు ఎండిపోయిన కథ కూడా ఉండొచ్చు, అది రైతును అడిగితేనే తెలుస్తుంది.

ఎనిమిదో అడుగు: తవ్వడం

మంచివని తేలిన చెక్కల్లో 12 చోట్ల, అంతంత మాత్రం అన్నవాటిలో 10, పనికిరావన్నవాటిలో 8 చోట్ల గుంతలు తీయండి. చివరివాటిని చాలామంది వదిలేస్తారు. మ్యాపు పొరపాటున కాదన్న మంచి నేలను కనుక్కోవడానికి వేరే దారి లేదు. గుంతల చోట్లను కంప్యూటర్‌తోనే ర్యాండమ్‌గా ఎంపిక చేయించండి, లేకపోతే కాళ్లు రోడ్డు పక్క చేలకే వెళ్తాయి.

గుంతలో చూడాల్సినవి: మన్ను ఎంత లోతు, గరుసు ఎక్కడ, గరుసు పలుగుకు లొంగుతోందా (లొంగే గరుసులోకి మామిడి వేరు కొంతవరకు దూరుతుంది, బండలోకి దూరదు), తెల్లటి సున్నపు గుల్లలు ఉన్నాయా, అడుగున బూడిద రంగు మచ్చలతో నీరు నిలిచిన గుర్తులు ఉన్నాయా. ఒక్కో గుంతకూ మ్యాపు ఏమంది, నేల ఏమంది అని రెండు గళ్ల పట్టిక రాసుకోండి. మంచివన్న 12లో నాలుగు తప్పితే మ్యాపు వాడొద్దని కాదు. ఆ నాలుగూ ఒకే రకం చోట తప్పాయేమో చూడండి. నా అనుభవంలో తప్పులు గుట్ట అంచుల దగ్గరే గుంపుగా ఉంటాయి. అప్పుడు గుట్ట చుట్టూ 150 మీటర్లు తీసేసే ఒక కొత్త సున్నా పొర చేర్చి మళ్లీ నడిపితే చాలు.

తొమ్మిదో అడుగు: సర్వే నంబర్ల మీదికి దించడం

రైతుకు గడులతో పని లేదు, తన సర్వే నంబరు ఏ రంగులో ఉందో కావాలి. రీసర్వే పూర్తయిన గ్రామాలకు కొత్త కొలతలు ఉన్నాయి. పాత గ్రామ పటమే దిక్కైతే స్కాన్ చేసి జియోరిఫరెన్స్ చేయాలి, అంటే పటంలోని చోట్లను నేల మీది అక్షాంశ రేఖాంశాలతో ముడిపెట్టాలి. మూడు ఊళ్ల పొలిమేరలు కలిసే ట్రైజంక్షన్ రాళ్ల దగ్గర జీపీఎస్ తీసుకోండి. కనీసం ఆరు చోట్లైనా, పటం నాలుగు మూలలకూ పరుచుకునేలా ఉండాలి. తర్వాత జోనల్ స్టాటిస్టిక్స్‌తో ప్రతి సర్వే నంబరుకూ గడులు ఎన్ని, ఏ తరగతి ఎంత శాతం అని తీయండి. ఒక్క సగటు అంకె ఇవ్వొద్దు. సగం ఎస్1, సగం ఎన్ అయిన పొలానికి సగటు ఎస్3 లాంటిదే వస్తుంది, అది ఏ సగానికీ నిజం కాదు.

నేల తగినంత మాత్రాన నాటేయడానికి లేదు. డీ-పట్టా (ప్రభుత్వం పంచి ఇచ్చిన) భూమా, 22ఏ నిషేధిత జాబితాలో ఉందా అన్నది మీభూమి, రిజిస్ట్రేషన్ శాఖ రికార్డుల్లో చూసుకోండి. ఇది మ్యాపులో ఒక పొరగా పెట్టకండి. రికార్డు మారుతుంటుంది, మీ పీడీఎఫ్ మారదు. ప్రింటు తీసే మ్యాపు మీద డేటా ఏ సంవత్సరానిది, గడి ఎన్ని సెంట్లు, ఎన్ని గుంతలు తవ్వి సరిచూశారు అనే మూడు ముక్కలు తప్పక రాయండి. అవి లేకుండా మ్యాపు వాట్సాప్‌లో పడితే ఊళ్లో భూముల రేట్లు మాట్లాడుకోవడానికి తప్ప ఇంకెందుకూ వాడరు.

నాటబోయే చెక్క ఖరారయ్యాక, తొలకరికి ముందే జేసీబీతో ఆ చెక్కలో మూడు నాలుగు చోట్ల ఆరడుగుల గుంత తీయించండి. సాయంత్రం అందులో నడుము లోతు నీళ్లు నింపి వదిలేయండి. మరుసటి రోజు సాయంత్రానికి పూర్తిగా ఇంకిపోతే మొక్కలకు ఆర్డర్ ఇవ్వొచ్చు. ఇంకా నీళ్లు నిలిచి ఉంటే, మ్యాపులో ఆ చెక్క ఏ రంగులో ఉన్నా, అక్కడ వేరుశనగే వేసుకోండి.